డ్రిజిల్ మీద మా బావ అనుమానం

ఇంగ్లీషు మాటల్లో నేను బొత్తిగా నమ్మని మాట ఒకటుంది: డ్రిజిల్. వాన మాటల్లో అంత మెత్తనిది ఇంకోటి లేదు. అంత మెత్తగా మాట్లాడే మనుషులను కూడా నేను నమ్మను.

వానకాలం పంట కోతలప్పుడు చిన్నకోడూరులో మా అక్క మొగుడు రోడ్డు మీద వడ్లు ఆరబోశాడు. సిద్దిపేటలో మా మిద్దె ఎక్కినా కనపడేంత పొడవు. తెల్లారితే కొనుగోలు కేంద్రంలో తూకం వంతు ఆయనదే. గింజలో తేమ కొలిచే మిషన్ కాదంటే మళ్లీ లైను చివరికి పోవాలి. ఆ మధ్యాహ్నం బావ వాతావరణం చూపే ఫోన్ తెచ్చి, సాయానికని పోయిన నా ముక్కు దగ్గర పెట్టాడు.

"డ్రిజిల్ అని వడ్డది. ఏంది బామ్మర్ది?"

"తుంపర బావా. దాని చుక్కను రెండు దోమలు పంచుకుంటే ఒక్కదానికి గూడ దూప తీరదు. నీ మీసం తడ్వది."

"ఎంతసేపు వడ్తది?"

"గది మాటల లేదు."

"చుక్క కొలిచినోడు గడియారం సూస్కోలేదా?"

మన దగ్గర ముసురు అంటే చాలు, రోజంతా విడవదని పసిపిల్లకూ తెలుసు. ఈ మాటలో చుక్క సన్నమని ఉంది గానీ ఎప్పుడు పోతుందో లేదు. బావ ఫోన్‌నూ, ఆకాశాన్నీ, నన్నూ వరుసగా చూశాడు. నన్నే ఎక్కువసేపు చూశాడు. అయినా నేను చదువుకున్నవాణ్ణని నమ్మి టార్పాలిన్ మడత విప్పలేదు.

తుంపర వచ్చింది. వచ్చినట్టు ఎవరికీ చెప్పలేదు. నేను కళ్లద్దాలు తుడుచుకుంటూ వాన లేదంటూనే ఉన్నాను. పక్క కుప్పలన్నీ కప్పేశారు. గంట దాటాక బావ ఒక గింజ కొరికాడు. ఎండిన గింజ టక్కుమంటుంది. అది ఏమీ అనలేదు.

"మీసం తడ్వలే బామ్మర్ది. వడ్లు తడ్సినయ్."

మర్నాడు మిషన్ కాదంది. శిక్ష నాకే పడింది. ప్యాంటు మడిచి, కాళ్లతో సాళ్లు తీస్తూ రెండు రోజులు వడ్లు తిరగేశాను. ఆ నడకతో కాశీకి పోయి వచ్చేవాణ్ణి.

రెండో నాడు ఫోన్‌లో మళ్లీ అదే మాట. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. బావ అర్థం అడగలేదు, నేను చెప్పలేదు. టార్పాలిన్ చెరో కొస పట్టుకున్నాం. ఒక్క చుక్క పడలేదు.

"గింత ఎండల కప్పిన్రేందే?" అన్నాడు పక్క కుప్ప రైతు.

"మా బామ్మర్దికి ఇంగ్లీషు వస్తది," అన్నాడు బావ.

తెల్లారి తూకానికి పోయే ముందు ఆయన ఒక గింజ కొరికి, ఇంకోటి నాకిచ్చాడు. రెండూ టక్కుమన్నాయి. అయినా నా వైపే చూస్తూ ఇంకోటి కొరికాడు.