రాజేశం పేరుతో మోగిన ఫోను

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే అక్కణ్నుంచి లేచిపోయేవాణ్ని నేను. వైర్లు, కరెంటు, సెట్టింగులు తెలిసినవాణ్ని. వెతికితే దొరకని తప్పు ఉండదని నా నమ్మకం. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదంటే సిగ్గే కారణం.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. జగిత్యాలలో ఒక విత్తనాల కంపెనీకి ఇంటర్నెట్ ఫోన్లు చూసేవాణ్ని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆఫీసులు మూడూ ఒకే నెట్‌వర్కు మీద మాట్లాడుకునేవి. బయటివాళ్లెవరో అందులోకి జొరబడి, మా లైన్ల మీద విదేశాలకు కాల్స్ చేస్తున్నారని బయటపడింది. ఫోన్లన్నీ విప్పి, పాత పేర్లూ నంబర్లూ చెరిపేసి, కొత్త పాస్‌వర్డులతో మళ్లీ బిగించమన్నాడు ఓనరు.

ముందు సిరిసిల్ల వెళ్లాను. అక్కడ క్యాషియరు రాజేశం గుండెపోటుతో పోయి కొన్ని నెలలైంది. ఆయన బల్ల మీది ఫోను ఎవరూ వాడటం లేదు. దాన్ని చెరిపేసి, విప్పి, బ్యాగులో వేసుకున్నాను.

మర్నాడు బంద్. బస్సుల్లేవు. బైకు మీద కోరుట్ల చేరేసరికి ఆఫీసు షట్టరు సగం దించి ఉంది. లోపల పద్మక్క ఒక్కతే ఉంది. రాజేశం భార్య. ఆయన ఉన్నప్పటి నుంచీ ఆమె ఈ ఆఫీసులోనే పనిచేస్తోంది.

ఆమె బల్ల మీది ఫోను కూడా మొత్తం చెరిపేశాను. కరెంటు ఇచ్చాను గానీ నెట్‌వర్కు వైరు ఇంకా పెట్టలేదు. అది బల్ల మీదే పడి ఉంది. ఆ వైరు లేనిదే ఈ ఫోన్లకు కాల్ రాదు.

అప్పుడు ఫోను మోగింది. తెర మీద సిరిసిల్ల, రాజేశం అని పేరు.

నేను వెనక్కి గెంతాను. కుర్చీ పడిపోయింది. పద్మక్క దగ్గరికొచ్చి ఆ పేరు చూసింది.

"ఎత్తకక్కా" అన్నాను. నా చెయ్యి అప్పటికే ప్లగ్గు మీద ఉంది.

"జర ఆగు తమ్మీ" అని రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత మామూలుగా అంది:

"ఆఁ, తిన్న. పిలగాండ్లు ఇంట్లనే ఉన్నరు. బంద్ గదా, బడి లేదు. నువ్వు తిన్నవా?"

ఇంకొంచెంసేపు ఉండి రిసీవరు పెట్టేసింది.

"ఏమన్నడక్కా?" అన్నాను.

"ఏం ఇనవడలే తమ్మీ. రోజు పగటాల ఫోన్ జేసి తిన్నవా అని అడుగుతుండె. గందుకే చెప్పిన."

పడిన కుర్చీ లేపి నన్ను కూచోబెట్టి, మంచినీళ్లు ఇచ్చింది. భర్త పోయిన మనిషి నాకు ధైర్యం చెబుతుంటే తల ఎత్తలేకపోయాను. బ్యాగు తెరిచి చూశాను. రాజేశం ఫోను చుట్టిన వైరుతో అలాగే ఉంది.

"మళ్ల మోగుతదా?" అని అడిగింది.

"సెట్టింగులల్ల మిస్టేక్ ఉన్నట్టుందక్కా" అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. వైరు పెట్టి, కొత్త పాస్‌వర్డు కొట్టి, ఆమె వైపు చూడకుండానే పని ముగించాను.

ఆ తర్వాత చాలాసార్లు ఆ ఆఫీసుకు వెళ్లాను. ఫోను మళ్లీ మోగిందా అని అడగడానికి నోరు రాలేదు. నెట్‌వర్కు లేని ఫోనులోకి, నా చేత్తో చెరిపేసిన పేరు ఎలా వచ్చిందో నాకు తెలిసిన దారులన్నీ వెతికాను. దొరకలేదు. ఓనరుతో మాత్రం కోరుట్లలో అంతా బాగానే ఉందని చెప్పాను.