మనవాళ్ళ వీడియోలు

కెనడాలోని హామిల్టన్‌లో ఎవరు సలహా అడిగినా సుబ్బరాజు గారు ముందు జేబులోంచి పెన్ను తీస్తారు, ఆ వెంటనే తన చరిత్ర తీస్తారు. పల్లెటూరి బడిలో లెక్కల్లో నూటికి నూరు, ఇక్కడి స్టీలు కంపెనీలో ముప్ఫై రెండేళ్ళు, ఒక్కనాడూ ఎవరికీ పైసా బాకీ పడింది లేదు. ఆయన బేస్‌మెంట్‌లో అద్దెకుండే సాత్విక, కాలేజీలో మీడియా కోర్సు రెండో ఏడాది ఫీజు కట్టనా, మానెయ్యనా అని అడిగింది. ఆయన కాగితం మధ్యన గీత గీసి, ఎడమవైపు ఆమె చదువు అప్పు ఇరవై రెండు లక్షల రూపాయలని రాశారు. "ఇప్పుడు రాబడి చెప్పు. కెమెరాతో ఇప్పటిదాకా ఎంత సంపాదించావమ్మా?"

"ఏమీ లేదంకుల్."

"పనే దొరకలేదా?"

"ఎందుకు దొరకలేదు! రెండు గృహప్రవేశాలు, మూడు ఓణీల ఫంక్షన్లు, మొన్న మీ ఎనభయ్యో పుట్టినరోజు. మనవాళ్ళే కదా అని ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు."

ఆయన పెన్నుకి మూత పెట్టి, మళ్ళీ తీశారు. తన పుట్టినరోజు వీడియో అందరికీ పంపి, 'మన పిల్లే, పైసా తీసుకోలేదు' అని మురిసిపోయింది తనే. "గంటకి నలభై డాలర్లు వేస్తున్నా. ఈ లెక్క తేలేదాకా చదువు మానకు" అంటూ, కుడివైపు 'రావలసిన బాకీలు' అని రాసి, మొదటి పేరు తనదే రాసుకున్నారు.