మందని పెంచిన పుట్టగొడుగు నా ఊపిరి మీదికి తెచ్చింది

ఆ సాయంత్రం జొన్నరొట్టెలు చేస్తూ పొయ్యి ముందే కూలబడ్డాను. ఒళ్ళంతా వణుకు, పొడి దగ్గు, ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు. "జరం వచ్చినట్టుంది, పోయి పండుకో" అన్నాడు మా ఆయన. తెల్లారేసరికి జ్వరం లేదు. లేచి మళ్ళీ వెనకగదిలో పనిలో పడ్డాను. నన్ను పడేసింది ఆ పనేనని తెలియడానికి చాలాకాలం పట్టింది. ఎందుకంత కాలం పట్టిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది కట్టంగూర్. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా అత్తమ్మ పుట్టి పెరిగింది మర్రిగూడ దగ్గర. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి ఆమె నడుము వంగిపోయింది, మోకాళ్ళు బిగుసుకుపోయాయి. ఆమె బాధ చూడలేక మా బావ, అంటే మా ఆయన అన్న, నల్లగొండలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగిన ట్రైనింగ్‌కు వెళ్ళాడు. రీషి అనే మందు పుట్టగొడుగును ఇంట్లోనే పెంచుకోవచ్చని, దాని కషాయం తాగితే కీళ్ళ నొప్పుల నుంచి క్యాన్సర్ దాకా అన్నీ పోతాయని అక్కడి సార్ చెప్పాడట. బావ ఒక సిరంజి కొనుక్కొచ్చాడు. లోపల పలచటి తేనెరంగు నీళ్ళు, వాటిలో తేలుతున్న తెల్లటి దూదిపింజలు. దాన్ని లిక్విడ్ కల్చర్ అంటారు, పుట్టగొడుగుకు అదే విత్తనం.

జొన్నలు ఉడకబెట్టి, సంచుల్లో నింపి, కుక్కర్లో మళ్ళీ ఆవిరి పట్టాలి. సూదిని మంట మీద కాల్చి, ఆ నీళ్ళను సంచుల్లోకి ఎక్కించాలి. తెల్లటి పోగులు జొన్నలన్నిటినీ అల్లుకున్నాక, రంపపు పొట్టు సంచుల్లో కలపాలి. ఇదంతా నా పనే అయింది. "ఇంటి పట్టున ఉండేది నువ్వే గదా" అన్నాడు బావ. నేను కుట్టుకునే వెనకగదిని దానికి ఇచ్చేశారు. సార్ చెప్పాడని కిటికీకి ప్లాస్టిక్ కవరు కొట్టారు. రోజూ తలుపు మూసుకుని సంచుల మీద నీళ్ళు స్ప్రే చేసి, అక్కడే మిషన్ మీద కూర్చునేదాన్ని.

మొదటి గొడుగు లక్క పూసినట్టు ఎర్రగా మెరిసినప్పుడు నాకూ సంబరమే అయింది. గొడుగులు విచ్చుకున్నాక గోధుమరంగు దుమ్ము మొదలైంది. గోడల మీద, మిషన్ మీద, కుట్టిన బట్టల మీద. తుడిస్తే మళ్ళీ పేరుకునేది.

దగ్గు ముదిరింది. బిందె ఎత్తితే ఆయాసం. నల్లగొండ దవాఖానలో తెమడ పరీక్ష చేసి టీబీ కాదన్నారు. ఒక ప్రైవేటు డాక్టర్ ఆస్తమా అని ఇన్‌హేలర్ రాశాడు. ఊరందరి జాకెట్లు కుట్టే నేను, చిక్కిపోతూ నా జాకెట్లనే మళ్ళీ మళ్ళీ బిగించుకున్నాను.

బావ ట్రైనింగ్ సార్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"అది రోగం కాదమ్మా, హీలింగ్ క్రైసిస్. ఒంట్లోని విషం బయటికి పోతోంది. కషాయం డోస్ పెంచండి."

"సార్ చెప్తాండు గదా సుజాతా, జర ఓపిక పట్టు" అన్నాడు బావ.

ఆ చేదు కషాయం తాగాను. తాగి మళ్ళీ ఆ గదిలోకే వెళ్ళాను.

చిన్నమ్మ కూతురి పెళ్ళికి భువనగిరిలోని మా అమ్మగారింటికి వెళ్ళి కొన్నాళ్ళున్నాను. దగ్గు తగ్గింది. కడుపునిండా తిన్నాను. తిరిగొచ్చి గదిలో పని మొదలుపెట్టిన సాయంత్రమే చలిజ్వరం. "పనంటేనే దగ్గొస్తాంది ఈమెకు" అని బావ నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

ఊపిరాడక నిద్ర కూడా కరువయ్యాక మా ఆయన హైదరాబాద్ తీసుకెళ్ళాడు. అక్కడి ఊపిరితిత్తుల డాక్టరమ్మ సీటీ స్కాన్ చూసి, ఎవరూ అడగనిది అడిగింది.

"ఇంట్లో పావురాలున్నాయా? కోళ్ళు? బూజు పట్టిన గడ్డి?"

"అవేం లేవు మేడం. పుట్టగొడుగులు పెంచుతం."

ఆమె రాయడం ఆపింది. "ఎక్కడ?"

"నేను కుట్టుకునే రూముల."

"వేరే ఊరు పోతే దగ్గు తగ్గుతుందా?"

"తగ్గింది మేడం."

"ఇది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పుట్టగొడుగుల నుంచి రాలే దుమ్ము వాటి స్పోర్స్, అంటే విత్తనాల్లాంటివి. పీల్చి పీల్చి మీ లంగ్స్ వాచాయి. స్టెరాయిడ్స్ ఇస్తాను. కానీ ఆ గది అట్లాగే ఉంటే నా మందులు పనిచేయవు."

ఇంటికొచ్చి చెబితే బావ ఏమన్నాడో తెలుసా? "ఈ పంట తీసినంక ఆపుదాం. అమ్మకు మందు గావాలె గదా."

మంచం మీద నుంచి అత్తమ్మ లేచి కూర్చుంది. "నా పేరు జెప్పకు కొడుకా. గా కషాయం తాగితే నా మోకాలు వంగిందా? పిల్ల ఊపిరాడక సస్తాంటే నాకెందుకురా గా మందు? ఇయ్యాల్నే తీసి పారెయ్యి."

మా ఆయన అప్పటికప్పుడే సంచులు లాగి, పొడి చీపురుతో గది ఊడ్చాడు. దుమ్ము ఇల్లంతా కమ్మింది. కాసేపటికే నా పెదాలు నీలంగా మారాయి. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఆయన వరండాలో తల పట్టుకుని కూర్చున్నాడు. అక్కణ్ణుంచి వచ్చి నేను అమ్మగారింట్లో ఉండగా మనిషిని పెట్టి, మాస్కు కట్టించి, ఆ గదిని తడిగుడ్డతో తుడిపించి, సున్నం వేయించాడు. స్టెరాయిడ్స్‌తో నా ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది. చూసినవాళ్ళు "మంచిగ ఒళ్ళు చేసినవ్" అన్నారు.

కాస్త నడవగలిగాక ఒక పని చేశాను. అదే ఫంక్షన్ హాల్లో మళ్ళీ ట్రైనింగ్ ఉందని తెలిసి, మా ఆయనతో వెళ్ళాను. సార్ మాట్లాడుతుండగా లేచి నిలబడ్డాను. గట్టిగా మాట్లాడేంత ఊపిరి లేదు. నేను ఒక్కో మాట చెబుతుంటే, మా ఆయన దాన్ని హాలంతా వినిపించేలా అరిచాడు.

"కిటికీ మూయమన్నది ఎవరు? మాస్కు పెట్టుకోమని ఎందుకు చెప్పలే? దగ్గొస్తాందంటే డోస్ పెంచమన్నది ఎవరు?"

"అందరికీ పడదు తల్లీ. మీ శరీరతత్వం అంతే" అని సార్ నవ్వి, టీ బ్రేక్ అన్నాడు. కొందరు నా దగ్గరికొచ్చి నేను తెచ్చిన స్కాన్ చూశారు. మిగతావాళ్ళు సిరంజిల కోసం వరుస కట్టారు. ఆ వరుసను చూసినప్పుడు వచ్చిన కోపం, రోగం ముదిరినప్పుడు కూడా నాకు రాలేదు.

ఇప్పుడు వాకిట్లో రేకుల కింద కుడుతున్నాను. ఊపిరితిత్తుల్లో కొంత భాగం గట్టిపడింది, అది మళ్ళీ మామూలు కాదన్నారు. ఎత్తెక్కితే ఆయాసం. అత్తమ్మకు ఫిజియోథెరపీ చేయిస్తున్నాం, కర్రతో వాకిలి దాకా వస్తుంది. బావతో మాట్లాడుతున్నాను గాని, మునుపటిలా కాదు.

చదివే మీకు ఒక్క మాట. దగ్గు తగ్గకపోతే, ఇల్లు వదిలి వేరేచోట ఉన్నప్పుడు తగ్గుతుందేమో గమనించుకోండి. తగ్గితే ఆ సంగతీ, ఇంట్లో పెంచేవీ నిలవ ఉంచేవీ, మీరు పీల్చే దుమ్మూ అన్నీ డాక్టర్‌కు చెప్పండి. వాళ్ళు అడగకపోయినా సరే, మీరే చెప్పండి.