ఒడిలో చేతులు

తొండియార్‌పేటలో వరదరాజులు నాయుడి రేకుల షెడ్డు ఉండేది; పనివాళ్ళు ఆయనను మొదలాళి అనేవారు. భర్త పోయిన ఏడాదే మునెమ్మను ఆమె బావగారు యతిరాజులు అక్కడ పనిలో పెట్టించాడు. జార్జి టౌన్ గిడ్డంగుల తలుపులకు వేసే దళసరి ఇనుప బందులకు మరచీలల రంధ్రాలు చేయడం వారిద్దరి పని. చీలతల పైకి పొడుచుకురాకుండా ఇనుములో మునగాలంటే రంధ్రపు నోరు గరాటులాగా విచ్చుకోవాలి. అందుకని ముందుగా సన్నటి రంధ్రం పొడిచి, దానిపై మొన తేలిన పంచి అనే ఉలిని చేతిప్రెస్సుతో దించేవారు. నలిగిన ఇనుము లోపలికి ఒరిగి రంధ్రాన్ని ఇరుకు చేసేది. ఆ పిమ్మట సరైన కొలతకు మరొకసారి పొడిచేవారు.

పీట మీద కూర్చుని పంచి కింద రేకు అమర్చేది మునెమ్మ. రెండు కొసలా ఇనుపగుండ్లున్న ప్రెస్సు పైకమ్మీని విసిరి తిప్పేది యతిరాజులు. దళసరి రేకు మెత్తటి దెబ్బకు లొంగదు. విసిరిన గుండ్లను నడుమ ఆపడం ఎవరి తరమూ కాదు. కనుక అక్కడొక కట్టడి ఉండేది. రేకు అమర్చినవారు రెండు చేతులూ ఒడిలో పెట్టుకోవాలి; తిప్పేవారు వాటిని కళ్ళారా చూశాకనే కమ్మీ విసరాలి.

ఒక ఉదయం మునెమ్మ చేతులు రేకు మీద ఉండగానే కమ్మీ కదిలింది. ఆమె పీటతో సహా వెనక్కి పడింది. వేళ్ళు దక్కాయి గాని, చిటికెనవేలి గోరు చీలింది.

“చెయ్యి తీసినావనుకొంటినే,” అన్నాడు యతిరాజులు. అతని చూపు ఆమె ముఖానికి కాస్త పక్కగా నిలిచింది. ఆపై మధ్యాహ్నం దాకా రేకు అమర్చిన ప్రతిసారీ మునెమ్మ అతని చూపునే గమనించింది.

సద్ది విప్పినప్పుడు ఆమె చెయ్యి చాపింది. “బావా, నా చేతిలో ఏముందో చెప్పు.”

“నాకే పరీక్ష పెడతాండావా? ఊరగాయ.”

“ఏమీ లేదు బావా.”

అతడు ముద్ద పక్కన పెట్టాడు. “మొదలాళికి చెప్పబాకమ్మే. ఈడ నుంచి పంపేస్తే నన్నింకెవరు పెట్టుకొంటారు?”

చెబితే అతని పొయ్యి ఆరుతుంది. చెప్పకపోతే తన వేళ్ళు పోతాయి. “నువ్వు పీట మీద కూర్చో. గుండు నేను తిప్పుతా.”

“అది నిన్నే ఎత్తుకోని పోతుందే.”

“పోతే పట్టుకో.”

సాయంత్రం వరదరాజులు నాయుడు ప్రెస్సు దగ్గర ఆగాడు. “ఏమయ్యా, మరదలు తిప్పితే నువ్వు కూర్చుంటివా? రేపు వాకిట్లో ముగ్గు కూడా నువ్వేనా?”

“మోకాళ్ళ నొప్పి మొదలాళీ.”

“గుంట సరిగా దిగకపోతే ఇద్దరూ ఇంటికే పోండి.”

యతిరాజులు సన్నటి రంధ్రాన్ని వేలితో తడిమి రేకును గురిగా అమర్చాడు; చేతులు ఒడిలోకి తీసుకున్నాడు. మునెమ్మ చూసింది. చూసి కూడా భయంతో సగం బలంతోనే విసిరింది. నాయుడు రంధ్రాన్ని మరొకసారి పొడిపించి చీల దించి చూస్తే తల పైకే నిలిచింది.

“ఇంకొకటి చెయ్యి,” అన్నాడతడు, పక్కనే నిలబడి.

పొద్దున తన వేళ్ళ కోసం ఇంత బెదరలేదామె. “చేతులు పైకెత్తు బావా.”

“ఒడిలోనే ఉండాయి గదే.”

“ఎత్తు.”

అతడు ఎత్తాడు. మునెమ్మ కళ్ళు మూయకుండా, ఒంటి బరువంతా వేసి కమ్మీ విసిరింది. మళ్ళీ పొడిచి చూస్తే చీలతల ఇనుములో మునిగింది. నాయుడు వెళ్ళిపోయాడు.

యతిరాజులు తరువాతి రేకు అందుకున్నాడు. మునెమ్మ మళ్ళీ అతని చేతులు ఎత్తించింది.