బీమ్ కింద మా అత్త

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను స్కూల్లో ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. వరండాలోకి వచ్చి విన్నాను. ఏడవడానికి ముందు, "ఎవరు చెప్పారు నాన్నా? నువ్వు చూశావా?" అని అడిగాను.

"చూశానమ్మా. నేనే నాడి పట్టుకు చూశా. మళ్ళీ డాక్టరుక్కూడా చూపించా. లేకపోతే మా అక్క ఊరుకోదుగా" అన్నాడు నాన్న.

ఏ మాటనైనా ఒక్కరి నోట విని నమ్మకూడదని మా ఇంట్లో అందరికీ నేర్పింది అత్తే.

ఆమె చిన్నప్పటి నుంచీ మిరపకాయల్లోనే పని చేసింది. కోతలకు వెళ్ళేది. కోతలయ్యాక గుంటూరు వైపు కోల్డ్ స్టోరేజీల్లో తాలు ఏరడానికి వెళ్ళేది. తాలు అంటే ఎరుపు పోయి తెల్లబడ్డ కాయ. బస్తా పైన నిగనిగలాడే కాయలు పోసి, అడుగున తాలు నింపడం ఆమె ఎన్నో ఏళ్ళు చూసింది. అందుకే ఏ బస్తా ఎదురైనా మోచేతి దాకా చెయ్యి దించి, అడుగు నుంచి పిడికెడు తీసి చూసేది. రేషన్ బియ్యం దగ్గరా అంతే, పెళ్ళివారు పెట్టే పసుపు దగ్గరా అంతే. "పైన మరీ ఎర్రగా ఉందంటే అడుగున ఏదో ఉంది" అనేది.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. దాన్నీ అత్త ఊరికే నమ్మలేదు. నేను రెండో తరగతిలో ఉండగా వినుకొండ బస్టాండుకు తీసుకెళ్ళి, వచ్చిన ప్రతి బస్సు బోర్డూ చదివించింది. నేను "చీరాల" అనగానే పక్కనున్న మనిషిని, "ఏవండీ, ఆ బస్సు యాడికి పోయిద్ది?" అని అడిగేది. ఆయనా చీరాల అంటే తల ఊపి ఇంకో బస్సు చూపించేది. ఆ మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నాం. ఏ బస్సూ ఎక్కలేదు.

నిరుడు ఎండాకాలం ఇల్లు బాగుచేయించాలనుకున్నాం. రెండు చిన్న గదులు, మధ్యలో గోడ. సాయంత్రాలు నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లలు ఒక గదిలో పట్టక సగం మంది వీధిలో కూర్చునేవారు. మధ్య గోడ తీసేసి బీమ్ వేస్తే పెద్ద హాలు అవుతుందని నా ఆశ. అయితే కప్పు బరువంతా ఆ గోడ మీదే ఉంది. పైగా మాది నల్లరేగడి. ఎండలకు కాలు దిగేంత నెర్రెలిస్తుంది, వానలకు ఉబ్బుతుంది. అలాంటి నేల మీద బీమ్ సరిగ్గా లేకపోతే కప్పు పిల్లల మీదికి వస్తుంది. మొదటి రోజు నుంచీ అత్త భయం అదే.

కాంట్రాక్టర్ నరసరావుపేట నుంచి వచ్చాడు. చేసిన పనుల ఫొటోలు ఫోన్‌లో చూపించాడు. సీలింగ్ లైట్లు, గోడల రంగులు. "నో టెన్షన్ మేడమ్, అంతా నేను చూసుకుంటా" అన్నాడు.

అత్త ఫోన్ వైపు చూడలేదు. "నువ్వు చేసిన పాత ఇల్లొకటి చూపించు నాయనా. నాలుగు వానలు తిన్నది."

"పాతవెందుకు పెద్దమ్మా? ఇప్పుడు డిజైన్లన్నీ మారిపోయాయి."

"డిజైన్లు మారాయి గానీ వాన మారలేదుగా?"

చూపిస్తానన్నాడు. చూపించలేదు. ఇంత చిన్న పనికి మరెవరూ రాకపోవడంతో అతనికే అప్పగించాం.

ఆ రోజు నుంచి అత్త మకాం మా ఇంట్లోనే. ఇసుక కుప్పలో మోచేతి దాకా చెయ్యి దించింది. వంటగది గట్టుకు చీమకుర్తి నుంచి నల్లరాయి వస్తే, తడిగుడ్డతో తోమి తోమి, గుడ్డకు నలుపు అంటిందేమోనని ఎండలో పట్టుకు చూసింది. పనివాళ్ళు పగలబడి నవ్వారు. "రాయికి రంగేస్తారా మామ్మా?"

"మిరపకాయకేస్తారని నాకు మాత్రం ముందే తెలుసా?" అంది.

మీలో ఇల్లు బాగుచేయించుకున్నవాళ్ళకు ఇలాంటి మనిషి ఒకరు తెలిసే ఉంటారు. పక్కన ఉంటే తలనొప్పి. పనివాళ్ళు అలుగుతారు, మనం సర్దిచెప్పాలి. నేనూ రోజూ టీలు పోసి సర్దిచెబుతూనే ఉన్నాను.

గోడ పడగొట్టి, కప్పు కింద సరుగుడు కర్రలు ఆనించిన సాయంత్రం పనివాళ్ళు తాపీలన్నీ సంచిలో వేసుకోవడం అత్త కంటపడింది. పనిముట్లు వదిలి వెళ్ళేవాడు మర్నాడు వస్తాడు, సర్దుకున్నవాడు రాడు అని ఆమె లెక్క. వెళ్ళి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"సంచి ఇక్కడ పెట్టి పొండి."

"పొద్దున్నే వచ్చేస్తాం పెద్దమ్మా. మా మీద నమ్మకం లేదా?" అన్నాడు కాంట్రాక్టర్.

"ఉంది కాబట్టే తాపీలు అడుగుతున్నా. లేకపోతే నీ బండి అడిగేదాన్ని."

సంచి పెట్టి వెళ్ళారు. అయినా మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. వేరే తాపీలతో పక్క ఊళ్ళో ఇంకెవరి ఇంట్లోనో పని మొదలుపెట్టారని తెలిసింది. ఫోన్ చేస్తే "దారిలో ఉన్నా మేడమ్" అనేవాడు. కర్రల మీద నిలబడ్డ కప్పు కింద మేం వండుకుని తింటున్నాం.

ఆదివారం అత్త తాపీల సంచి పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది. ఆ ఊళ్ళో ఆ ఇంటికి వెళ్ళి, కాంట్రాక్టర్‌ను పలకరించకుండా నేరుగా ఇంటావిడ దగ్గరికి నడిచింది.

"అమ్మా, ఈ అబ్బాయి మా కప్పును కర్రల మీద నిలబెట్టి మీ ఇంటికొచ్చాడు. మీ ఇంటిని ఎట్టా నిలబెట్టి ఇంకెవరింటికి పోతాడో ముందే కనుక్కోండి. మంచోడే. పాపం, చెప్పిపోవటం తెలీదు అంతే."

ఆవిడ కాంట్రాక్టర్ వైపు తిరిగింది. "ఏంటండీ ఇది?"

సోమవారం పొద్దున మేం లేచేసరికి పనివాళ్ళు మా గుమ్మంలో ఉన్నారు.

బీమ్‌కు ఇనుము కడుతున్నంతసేపూ, కాంక్రీటు పోస్తున్నంతసేపూ అత్త కదల్లేదు. చూస్తే నీకేం తెలుస్తుందని అడిగాను. "నాకేం తెలుసే? నేను చూస్తున్నానని వాడికి తెలిస్తే చాలు" అంది.

కర్రలు తీసే రోజు కాంట్రాక్టర్ అందర్నీ బయటికి వెళ్ళమన్నాడు. అత్త ఒక స్టూలు తెచ్చి బీమ్ కింద వేసుకుని కూర్చుంది. ఇంకో స్టూలు పక్కన వేసింది.

"నువ్వు యాడికి నాయనా? రా, కూర్చో."

"నేనెందుకు పెద్దమ్మా?"

"నీ బీమేగా?"

పనివాళ్ళందరి ముందూ కాదనలేక వచ్చి కూర్చున్నాడు. ఒక్కో కర్రా తీస్తున్నారు. మేమంతా వాకిట్లో నిలబడి బీమ్ వైపు చూస్తున్నాం. అత్త మాత్రం అతని మొహంలోకే చూస్తోంది. ఆఖరి కర్ర తీశారు. కాస్త సున్నం పొడి రాలింది తప్ప ఏమీ కాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. అతను లేచి నవ్వుతూ చొక్కా దులుపుకున్నాడు.

అతను వెళ్ళాక అత్త నాతో మెల్లగా అంది. "ఆఖరి కర్రకి వాడు పైకి చూశాడే."

"చూస్తే ఏమైంది?"

"చేసినవాడికి గట్టి నమ్మకముంటే చూడడు."

తోటి టీచర్ భర్త సివిల్ ఇంజినీరు. ఆయన్ను పిలిపించి చూపించాను. బీమ్ బాగానే ఉందన్నాడు. "ఆయనేమన్నా ఈ ఇంట్లో పడుకుంటాడా?" అంది అత్త.

కొత్త హాల్లో ట్యూషన్ మొదలైన సాయంత్రం, పిల్లలకంటే ముందే అత్త చాప తెచ్చి బీమ్ కింద ఈ గోడ నుంచి ఆ గోడ వైపు అడ్డంగా పరుచుకుని పడుకుంది. పిల్లలు గోల పెట్టారు. "మామ్మా, మధ్యలో పడుకున్నావేంటి? జరుగు!"

"నాకిక్కడే గాలొచ్చిద్ది. మీరు అటు సగం, ఇటు సగం కూర్చోండి."

ఫ్యాన్ ఉన్నది ఇంకో మూల.

వానాకాలమంతా రోజూ అక్కడే పడుకుంది. కళ్ళు మూసుకునేది కాదు. ఎక్కాలు చదివే పిల్లల మధ్య వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ ఉండేది. ఎవరైనా ఆటల్లో ఆమె వైపు దొర్లితే మెల్లగా వెనక్కి నెట్టేది. వానలు వెళ్ళాయి, చలి వచ్చింది, బీమ్‌కు వెంట్రుకంత పగులు కూడా రాలేదు. ఇక చాలు అత్తా, మంచం మీద పడుకో అన్నాను. "ఒక్క వానాకాలానికే నమ్మితే ఎట్టా?" అంది.

ఈ ఏడు వానలు పడకముందే పోయింది.

కర్మ అయ్యాక మళ్ళీ ట్యూషన్ మొదలుపెట్టాను. పిల్లలు వచ్చి సంచులు దించుకుని, అటు సగం, ఇటు సగం కూర్చున్నారు. బీమ్ కింద ఒక మనిషి పడుకునేంత చోటు వదిలేశారు. వాళ్ళకెవరూ చెప్పలేదు. లెక్క చేస్తుండగా ఒక చిన్నపిల్ల రబ్బరు ఆ ఖాళీలోకి దొర్లింది. ఆ పిల్ల మోకాళ్ళ మీద ముందుకు వంగి, చెయ్యి మాత్రం చాచి, పడుకున్నవాళ్ళకు తగలకుండా తీసుకున్నట్టు దాన్ని తీసుకుంది.