ఆరని ఆకాశం

2004 జూన్‌లో తాడేపల్లిగూడెం శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఆర్ట్ ఇన్‌స్ట్రక్టరు పోస్టు పడింది. అప్పటికి నేను తాత్కాలిక డ్రాయింగు మాస్టర్ని. ప్రతి ఏప్రిల్‌లో ఇంటికి పంపేసి, బడి తెరవగానే మళ్ళీ పిలిచే ఉద్యోగం అది. ఆ ఏడు పిలవలేదు. కాలేజీవాళ్ళ షరతు ఒక్కటే. ఆగస్టులో జరిగే ఇంటర్వ్యూకి అభ్యర్థి స్వయంగా వేసిన ఆయిల్ పెయింటింగు పట్టుకురావాలి. నేనేమో అప్పటివరకూ వాటర్ కలర్లు దాటి ఎరగను.

ఏలూరులో మస్తాన్ గారని, హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరైన పెద్దాయన ఉండేవారు. నూనె రంగుల్లో చెయ్యి తిరిగిన మనిషి. వెళ్ళి బతిమాలుకున్నాను. "సొంత బొమ్మలు తర్వాత వేద్దురుగానండీ. ముందు పెద్దవాళ్ళు వేసిందొకటి దింపండి" అని ఒక పాత క్యాలెండరు కాగితం చేతికిచ్చారు. మూడువందల ఏళ్ళ కిందట హాలెండులో ఎవరో మహానుభావుడు వేసిన ప్రకృతి దృశ్యం. అడుగున బల్లపరుపు నేల, ఓ కాలువ, ఓ గాలిమర. మిగిలిందంతా ఆకాశమే. గాలిమర పీకేస్తే అచ్చం ఆకివీడు రోడ్డు. ఆ మాటే అంటే, "అందుకేనండీ మీకిచ్చింది" అన్నారు.

పద్ధతి ఇదీ. కాగితం మీదా కాన్వాసు మీదా ఒకే లెక్కన గళ్ళు గీసుకుని, గడి తర్వాత గడి బొగ్గుతో రూపం దింపాలి. తర్వాత గోధుమ రంగుని టర్పెంటైన్‌తో పల్చన చేసి, వెలుగునీడలు మాత్రం వేసుకోవాలి. దాని మీద అసలు రంగులు పొరలు పొరలుగా వస్తాయి. పై పొరలో నూనె ఎక్కువుండాలి, కింది దాంట్లో తక్కువ. తిరగబడితే బొమ్మ బీటలు తీస్తుంది. ఒక పొర ఆరితేగాని రెండోది పెట్టకూడదు.

నా కష్టమంతా ఆ ఆరడం దగ్గరే వచ్చింది. వాటర్ కలరు టీ తాగేలోపు ఆరుతుంది. నూనె రంగు అలా కాదు, గాలి పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. బయట చూస్తే ముసురు. మా ఆవిడ రోజూ పొద్దున్నే, "ఏవండీ, రాత్రికేమైనా తగ్గిందా?" అని జ్వరం సంగతి అడిగినట్టు అడిగేది. నేల, కాలువ, గాలిమర ఎలాగో ఆరాయి. ఆకాశం మాత్రం వేలికి అంటుకుంటూనే ఉంది. ఇంటర్వ్యూ చూస్తే వారంలోకొచ్చింది.

మా బావమరిది శ్రీను ఒక ఉప్పుడుబియ్యం మిల్లులో డ్రయ్యరు ఆపరేటరు. నా అవస్థ చూడలేక, నేను బజారుకెళ్ళిన సమయంలో కాన్వాసు మిల్లుకి పట్టుకెళ్ళి డ్రయ్యరు పక్కన నిలబెట్టాడు. సాయంత్రం విజయగర్వంతో తిరిగొచ్చాడు. ఆకాశం నిండా తవుడు.

"ముట్టుకు చూడండి బావగారూ, అంటితే ఒట్టండీ! అన్నేసి వడ్లు ఆరగా లేంది, ఈ బొమ్మెంతండీ?" అన్నాడు.

నిజమే, అంటలేదు. తవుడు అంత దట్టంగా పట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను శ్రీనుతో మాట్లాడ్డం మానేశాను. అందుకని మా ఆవిడ నాతో మానేసింది.

మర్నాడే ప్యాసింజరెక్కి ఏలూరు వెళ్ళాను. మస్తాన్ గారు బొమ్మ చూసి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వుతూనే కత్తి తీసి, ఆకాశమంతా అడుగుపొర దాకా గీకేశారు. నా ప్రాణం అక్కడే పోయింది. "అడుగున ఆరింది కదండీ, ఏం భయం లేదు. ఇంక ఆ కాగితం చూడకండి. రైల్లో కిటికీ పక్కన కూచుని, పైకి చూసుకుంటూ వెళ్ళండి" అన్నారు. అలాగే వెళ్ళాను. ఇంటికెళ్ళి మన వానాకాలం మబ్బులు వేశాను. ఆ ఆకాశం బాగా కుదిరిందని నాకే తెలిసింది. కాకపోతే అదీ ఆరలేదు.

ఇంటర్వ్యూలో ప్రిన్సిపాల్ గారూ, కాలేజీ సెక్రటరీ గారూ కూచున్నారు. ఉద్యోగం ఇచ్చేది సెక్రటరీ గారే. బొమ్మ బల్ల మీద పెట్టీ పెట్టగానే ఆయన, "ఇది ప్రింటు కాదు కదండీ?" అంటూ మబ్బు మీద వేలు పెట్టి రుద్దారు. వేలికి బూడిదరంగు, మబ్బుకి గాటు. ఇద్దరూ నా మొహం చూశారు. ప్రింటు కాదని రుజువైంది గాని, బొమ్మ పాడైంది. తప్పు సెక్రటరీ గారిది, పోయేది నా ఉద్యోగం.

అనుమతి అడిగి, జేబులోంచి సన్న బ్రష్షు తీశాను. గాటుని రెండువైపులా లాగితే రెక్కలయ్యాయి. ముందుకి కాస్త సాగదీస్తే పొడుగాటి ముక్కు అయింది. కొల్లేటి గూడబాతు ఒకటి గాలిమర మీదుగా ఎగిరింది.

సెక్రటరీ గారు వేలు తుడుచుకుంటూ, "హాలెండులో గూడబాతులు ఉంటాయాండీ?" అని అడిగారు.

"ఈ ఏడు వచ్చాయండీ" అన్నాను.

ప్రిన్సిపాల్ గారు నవ్వేశారు. ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాను.

రెండు నెలలపాటు నేను తిట్టుకున్న తడే ఆ రోజు నన్ను గట్టెక్కించింది. నూనె రంగు తడిగా ఉన్నంతసేపూ దిద్దుకోవచ్చు. ఆ తర్వాత నా క్లాసులో ఎవరైనా కాన్వాసు ఫ్యాను కింద పెడితే తీయించేసేవాణ్ణి. ఆ బొమ్మ ఇప్పుడు శ్రీను ఇంట్లో ఉంది. వచ్చినవాళ్ళందరికీ తనే ఆరబెట్టానని చెబుతుంటాడు.