ఖాజీ తాగిన నీళ్ళు

బీ తిమా నాలుక మీద మా సందంతటికీ నమ్మకం. లాము దీవి పాతబస్తీలో మా వైపు ఎవరింటికి కొత్త మొక్క వచ్చినా ముందు ఆమె ముంగిట్లోకి తెచ్చేవారు. ఆమె ఆకు అంచు గోటితో గిల్లి, నాలుక కొసకు తాకించి, కాసేపు కళ్ళు మూసుకుని, ఉమ్మేసేది. చేదుగా ఉన్నా, దురద పెట్టినా ఆ మొక్క ఉట్టికెక్కేది. ఏమీ అనిపించకపోతే నేల మీద ఉండొచ్చు.

ఇదంతా పిల్లుల కోసం. ఆమె ఇంట్లో పద్నాలుగు కుండీలు, ఆరో ఏడో పిల్లులు. సరిగ్గా ఎన్నో చెప్పలేను. మా ఊళ్ళో పిల్లి ఎవరి సొత్తూ కాదు. ఎక్కడ చేప తల దొరికితే ఆ పూటకి అక్కడే కాపురం. ఖాజీ ఒక్కడే ఆమె ఇల్లు విడిచి ఎక్కడికీ పోయేవాడు కాదు. తెల్లటి ఒళ్ళు, నల్లటి మూతి. తీర్పు చెప్పబోతున్నవాడిలా మెట్టు మీద కూర్చుంటాడని ఆ పేరు పెట్టింది. భర్త పోయిన తొమ్మిదేళ్ళుగా అన్నం దగ్గర ఆమెకు ఎదురుగా కూర్చునే ప్రాణి వాడే.

నేను ఆమె పైగదిలో అద్దెకుంటాను. మొంబాసాలో చదువు మానేసి వచ్చి పడవ ఇంజన్లు బాగుచేసుకుంటున్నాను. మొక్కలంటే నాకు ఇష్టం లేదు, కానీ ఆమె పనిలో వంక పెట్టలేను. ఒకసారి ఒక పిల్లికూన మచ్చల ఆకుల మొక్కను కొరికి, మూతి వాచి, రోజంతా చొంగ కార్చింది. సాయంత్రానికి ఆ మొక్క పాత చేపల వలతో అల్లిన ఉట్టిలో దూలానికి వేలాడింది. కలబంద గోడ పైగూట్లోకి పోయింది. పిల్లులు మట్టి తవ్వకుండా కుండీల్లో పగడపు రాళ్ళు పరిచింది. పిల్లులకు ఏదో ఒకటి కొరకాలనిపిస్తుంది కదా అని వెడల్పు మూకుడులో రాగులు చల్లి, మొలిచిన గడ్డి వాటికే వదిలేసేది. మల్లె, గులాబీ, సబ్జా మాత్రం కిందే, పిల్లుల మధ్యే పెరిగేవి. సందులో పెళ్ళిళ్ళకు ఆ మల్లెలే దండలయ్యేవి.

అలాంటి ఒక పెళ్ళికి ఆమె చెల్లెలి కూతురు మునీరా నైరోబీ నుంచి వచ్చింది. వస్తూ పెద్దమ్మ కోసం ఒక పూలగుత్తి తెచ్చింది. అరచేయంత తెల్ల లిల్లీలు, నడుమ ఇటుక రంగు పుప్పొడి. బీ తిమా అలవాటు చొప్పున రేకు కొస నాలుకకు తాకించింది. నీళ్ళలా చప్పగా ఉందంది. అయినా కొత్తది కదా అని ఇత్తడి చెంబులో పెట్టి కలబంద పక్కన, పైగూట్లో ఉంచింది. ఏ పిల్లికీ అందే ఎత్తు కాదది.

పెళ్ళయిన మూడో రోజు పొద్దున ఖాజీ చేప ముక్క వైపు చూడలేదు. రెండుసార్లు కక్కాడు. కాసేపటికి మెట్టు దిగడం కూడా మానేశాడు. బీ తిమా చేపను అనుమానించింది. నేను మొక్కల్ని అనుమానించాను. ఆ మాట మొహానే అనేశాను.

"అత్తా, ఇంట్లో అడవి పెంచుతూ పిల్లిని కాపాడతానంటే కుదరదు. రెంటిలో ఒకటి ఉంచుకో."

"నీ ఇంజను చెడితే సముద్రాన్ని ఎండగడతావా?" అంది, ఖాజీని కాంగా గుడ్డలో చుట్టుకుంటూ.

బరువులన్నీ గాడిదలే మోసే మా ఊళ్ళో జంతువుల వైద్యమంటే గాడిదల ఆస్పత్రే. అక్కడ పనిచేసే షెకువే గాడిద డెక్కలు చెక్కి చెక్కి చేతులు కాయలు కాచిన మనిషి. ఖాజీ చిగుళ్ళు చూసి, పొట్ట తడిమి, మొంబాసాలో ఉన్న పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ఆవిడ అడిగిన మొదటి మాట, ఇంట్లో లిల్లీలున్నాయా అని.

బీ తిమా ఉన్నాయంది. పైగూట్లో ఉన్నాయని, ఒక్క రేకు మీదా పంటి గాటు లేదని, తానే రుచి చూశానని గబగబా చెప్పుకొచ్చింది. షెకువే ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, అవతల విన్నది విన్నట్టు మాకు చెప్పాడు. అది నాలుకకు దొరికే విషం కాదట. మనుషులకంత హాని లేదట గానీ పిల్లికి మాత్రం మూత్రపిండాలు పోతాయట. ఆకైనా, రేకైనా, ఒంటి మీద రాలితే నాకిన పుప్పొడైనా, చివరికి ఆ పూలు నిలవున్న నీళ్ళైనా చాలట.

నీళ్ళు అన్న దగ్గర ఖాజీ వీపు నిమురుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"చెంబు నీళ్ళు నిన్న సాయంత్రం నేనే పోశాను. పిల్లులు తాగే రాతి తొట్టిలో," అంది.

ఎందుకు పోశావని మేమిద్దరం అడగలేదు. మా ఊరివాళ్ళు ఎవరైనా అదే పని చేసేవారు. వానలు ఇంకా రాలేదు, బావులు ఉప్పెక్కాయి. అలాంటప్పుడు తియ్యటి నీళ్ళు ఎవరూ మోరీలో పోయరు. బియ్యం కడిగినవి కుండీకి, బాగున్నవి పిల్లుల తొట్టికి. పిల్లి మూతి పెట్టిన నీళ్ళతో నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే జనం మేము. దాని నీళ్ళు వేరు, మా నీళ్ళు వేరు అనే ఆలోచనే మాకు లేదు.

షెకువే ఖాజీ ముంగాలి మీద బొచ్చు గొరిగి సూది గుచ్చి, సెలైను పెట్టాడు. మూత్రం ఆగకుండా వస్తే బతికినట్టు. రెండు రోజులు గడవాలి.

బీ తిమా అప్పటికే లేచి నిలబడింది. ఆ తొట్టి ఖాజీ ఒక్కడిదే కాదు, సందు పిల్లులన్నిటిదీ. షెకువే ఆమె మొహం చూసి మెల్లగా ఒక మాటన్నాడు. చేప చెడిందని చెప్పి పిల్లుల్ని తెప్పించుకోవచ్చు, ఆమె పేరు ఎత్తనక్కర్లేదని.

"చేప అంటే చేప తిన్నదాన్ని వెతుకుతారు. తొట్టి అంటేనే కదా అక్కడ తాగిందెవరో గుర్తొచ్చేది," అని బురఖా సర్దుకుని వెళ్ళిపోయింది.

గడప గడపకూ వెళ్ళింది. ప్రతిచోటా అదే మాట. నా తొట్టిలో నేనే విషం పోశాను, నిన్నటి నుంచి అక్కడ తాగిన పిల్లి కనిపిస్తే గాడిదల ఆస్పత్రికి పట్టుకురండి. కర్రపెండలం వేయించి అమ్మే మ్వానాకొంబో మూకుడు దగ్గర్నుంచి లేవకుండానే, "ఈసారి నీ నాలుక నిద్రపోయిందా బీ తిమా?" అంది.

"మొదట్నుంచీ నిద్రలోనే ఉందేమో. ఆ పసుప్పచ్చ తల్లిపిల్లిని చూశావా?"

మ్వానాకొంబో పొయ్యి ఆర్పి తనూ వెతకడానికి లేచింది.

సాయంత్రం అజాన్ లోపు రెండు దొరికాయి. ఒకటి కుంటి బూడిద రంగుది, ఒకటి గోధుమ రంగు కూన. రెండిటి ప్రాణాలూ నిలబడ్డాయి. పసుప్పచ్చది మాత్రం దొరకలేదు. ఆ రోజూ దొరకలేదు, తర్వాతా దొరకలేదు. ఎక్కడో బతికే ఉందని నేనొకసారి అన్నాను. తెలియనిది చెప్పకు అంది.

ఖాజీ రెండో రోజు గుడ్డలన్నీ తడిపేశాడు. షెకువే ఆ కబురు మాకు కొడుకు పుట్టినంత సంబరంగా చెప్పాడు. వాడిప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. చిక్కిపోయాడు, నీళ్ళు మునుపటికంటే ఎక్కువ తాగుతాడు. మూత్రపిండాలు పూర్తిగా మునుపటిలా అవ్వవని డాక్టరమ్మ చెప్పింది.

కుండీలు పారేస్తుందనుకున్నాను. పారెయ్యలేదు. తొట్టిని బూడిదతో మూడుసార్లు తోమి, తాను తాగే కుండలోంచి నింపింది. తర్వాత నన్ను వెంటబెట్టుకుని, తన నాలుక మాట మీద నేల మీద పెట్టిన మొక్కలున్న ప్రతి ఇంటికీ వెళ్ళింది. ఇరవైమూడు మొక్కలకు నా ఫోన్లో ఫొటోలు తీసి డాక్టరమ్మకు పంపాం. మూడింటిని పిల్లులకు దూరం చెయ్యమంది. అందులో ఒకటి మ్వానాకొంబో గుమ్మం పక్కన పొట్టి ఈతచెట్టులా ముచ్చటగా ఉండే మొక్క. దాని గింజ ఒక్కటి చాలట. నాలుగేళ్ళ కిందట దాన్ని రుచి చూసి పరవాలేదన్నది బీ తిమాయే.

వానలు పడ్డాక ఒక పొద్దున మ్వానాకొంబో కొత్త మొక్క ఒకటి పట్టుకుని వచ్చింది. ఊదారంగు పువ్వు. అలవాటు పోక ఆకు తుంచి ఆమె మూతి దగ్గరకు చాచింది. బీ తిమా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నా నాలుకనడక్కు. అమ్మినవాడిని దాని పేరడుగు. అందాకా గడప దాటనివ్వను."

మ్వానాకొంబో గొణుక్కుంటూ బయట రాతి అరుగు మీద కూర్చుంది, మొక్కను ఒళ్ళో పెట్టుకుని, అమ్మినవాడికి ఫోన్ కలుపుతూ. ఖాజీ తలుపు లోపల, మెట్టు మీద, కదలకుండా ఆమెనే చూస్తున్నాడు.